పుస్తకం చదివి మాత్రలు ఆపేశాను డాక్టర్ గారూ

మనసు మాట: పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 36. బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏడాదిన్నర క్రితం ట్రాన్స్‌ఫర్ మీద ఒంగోలు వచ్చాను. మావారు, పాప గుంటూరులోనే ఉన్నారు. శనివారం సాయంత్రం వెళ్లి సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సెక్కుతాను. వచ్చిన ఆరు నెలలకి నిద్ర పోయింది, ఆకలి పోయింది. కౌంటర్లో నోట్లు లెక్కపెడుతూ మధ్యలో అంకె మర్చిపోయేదాన్ని. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే డిప్రెషన్ అన్నారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గిందని చెప్పి ఎసిటలోప్రామ్ అనే మాత్ర రాశారు. ఏడు నెలలు వాడాను, బాగానే ఉన్నాను. ఈమధ్య మా మరిది 'వదినా, ఇది చదువు' అని ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. జొహాన్ హారీ అనే ఆయన రాసిన 'లాస్ట్ కనెక్షన్స్'. సెరటోనిన్ తగ్గడమనేది ఉత్త కథ, సాటి మనుషులతో, చేసే పనితో బంధం తెగిపోవడమే డిప్రెషన్‌కి కారణం అని అందులో ఉంది. నా గురించే రాసినట్టుంది. రాత్రి రెండింటిదాకా చదివి ఏడ్చాను. మర్నాటి నుంచి మాత్ర ఆపేశాను. అన్ని మందులూ ఇంతేనేమో అనిపించి థైరాయిడ్ మాత్ర కూడా మానేశాను. నాలుగో రోజు నుంచి తల తిప్పడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. ఇప్పటికి మూడు వారాలైంది. మళ్లీ నిద్ర తగ్గింది. మా అమ్మకైతే ఏ మందూ లేదు. తమ్ముడు పుట్టాక ఆరు నెలలు మంచం దిగలేదట, గాలి సోకిందని దర్గాకి తీసుకెళ్తే తగ్గిందని అమ్మమ్మ చెప్పేది. డాక్టరు చెప్పింది నిజమా, పుస్తకం చెప్పింది నిజమా?
ఒంగోలు నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, డాక్టరు నిజమా పుస్తకం నిజమా అన్నది కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది థైరాయిడ్ మాత్ర ఆపేశానన్న మాట. ఆ మాత్రకీ ఆ పుస్తకానికీ ఏ సంబంధమూ లేదు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే నీరసం, మందకొడితనం, దిగులు, మతిమరుపు వస్తాయి. అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. అందుకే కొత్తగా ఎవరు దిగులని వచ్చినా మేం ముందు థైరాయిడ్ పరీక్ష రాస్తాం, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూస్తాం. ఇవాళే మీ డాక్టరుకి ఫోన్ చేసి, రేపు పరగడుపున ఆ మాత్ర మళ్లీ మొదలుపెట్టండి.

ఇక ఎసిటలోప్రామ్. ఏడు నెలలు వాడిన మందుని ఒక్క రోజులో ఆపితే తల తిరగడం, తలలో జివ్వుమనడం, చిరాకు, పీడకలలు చాలామందికి వస్తాయి. మందుకి అలవాటుపడ్డ ఒళ్లు అది అందక చేసే గొడవ అది. మీరు దానికి బానిస అయ్యారని కాదు. ఇప్పుడు నిద్ర తగ్గడం ఆ గొడవలో భాగమో, జబ్బే తిరిగి వస్తోందో ఉత్తరం చూసి చెప్పలేను. ఈ వారంలోనే మీ డాక్టరుకి కనబడండి. ఆపాలనే ఉంటే ఆపవచ్చు, దానికో పద్ధతి ఉంది. బాగైన తర్వాత కనీసం ఆరు నెలలు కొనసాగించి, ఆ మీదట డోసు కొంచెం కొంచెంగా, వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి.

మీ డాక్టరు చెప్పిన సెరటోనిన్ మాట నేనూ చెప్పాను. ఒక ఇరవై ఏళ్లపాటు, రోజుకి పదిసార్లు చెప్పి ఉంటాను. ఎందుకో కూడా చెప్తాను. పేషెంటు వెనకాల అత్తగారు నిలబడి 'పని ఎగ్గొట్టడానికి వేషాలు' అని గొణుగుతూ ఉండేది. 'చూడమ్మా, షుగరు జబ్బులో ఇన్సులిన్ తగ్గినట్టు ఈ పిల్లకి మెదడులో సెరటోనిన్ తగ్గింది' అనగానే ఆవిడ నోరు మూతపడేది. కోడలి ముఖంలో కాస్త తెరిపి కనిపించేది. ఆ తెరిపి కోసమే ఆ మాట వాడాను. కానీ షుగరుకి రక్తపరీక్ష ఉంది. డిప్రెషన్‌లో సెరటోనిన్ ఎంత తగ్గిందో తేల్చే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. మీరు చదివిన పుస్తకం వచ్చింది 2018లో. 2022లో లండన్‌లోని జొవానా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలని ఒకచోట చేర్చి చూసి, సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని రాసింది. కాబట్టి ఆ ఒక్క విషయంలో పుస్తకం చెప్పింది ఒప్పుకుంటాను. మేం అతిగా సులువు చేసి చెప్పాం.

అక్కణ్నుంచి ఆ పుస్తకం మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. కారణం తప్పు కాబట్టి మందూ దండగే అనే దాకా. నిజానికి మాత్రలు కొందరికి కాస్త ఉపశమనం ఇస్తాయని హారీ కూడా ఒప్పుకున్నాడు. రాత్రి రెండింటికి ఏడుస్తూ చదివే మనిషికి ఆ వాక్యం కంటికి ఆనదు. అధ్యాయం తర్వాత అధ్యాయం ఒకే గాలి వీస్తుంటే మనం అటే కొట్టుకుపోతాం.

మా చిత్తూరు వైపు పుత్తూరు కట్టు గురించి మీకు తెలిసే ఉంటుంది. చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే కట్టు కడతారు, ఎముక అతుక్కుంటుంది. ఒంట్లో కట్టు లేకపోవడం వల్ల చెయ్యి విరగలేదు. అలాగని కారణం చెట్టే కదా అని చెట్టు కొట్టేస్తే ఎముక అతుక్కోదు. సెరటోనిన్ కథ చెప్పిన మేం, మందు పనిచేస్తోంది కాబట్టి ఆ పదార్థం తగ్గడమే కారణమని అనుకున్నాం. ఇలాంటి పుస్తకాలు కారణం మరొకటి కాబట్టి మందు పనిచేయదని అనుకుంటున్నాయి. పొరపాటు ఒకటే, కాకపోతే తిరగేసి చేశారు. అసలు ఈ మందులు దొరికిన తీరే వేరు. 1952లో న్యూయార్కు దగ్గర స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకి ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇస్తే, నీరసించి పడుకున్నవాళ్లు లేచి తిరగడం, కబుర్లాడడం మొదలుపెట్టారు. అది దిగులుకి పనికొస్తుందేమోనన్న ఆలోచన అలా తట్టింది. మెదడు రసాయనాల సిద్ధాంతం గట్టిగా వినబడింది 1965లో. ముందు మందు, తర్వాత కథ.

మరి మందు పనిచేస్తుందా? 2018లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో 522 ప్రయోగాలు, 1,16,477 మంది పేషెంట్లు, 21 రకాల మందుల లెక్క వచ్చింది. ప్రతి మందూ, పోల్చి చూడడానికి ఇచ్చే మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే ఉంది. ఆ తేడా సగటున చిన్నదే, దాన్ని పెద్దది చేసి చెప్పను. కానీ సగటు అనే మనిషి నా ఓపీకి ఎప్పుడూ రాలేదు. కొందరు అయిదు వారాల్లో వేరే మనిషై వచ్చేవాళ్లు, కొందరికి మూడు మందులు మార్చినా ఏమీ అయ్యేది కాదు. మీరు మొదటి రకానికి దగ్గరగా ఉన్నారు. ఏడు నెలలు బాగున్నానని మీరే రాశారు.

ఆ పుస్తకంలో ఒక ఆవు కథ ఉంది, గుర్తుండే ఉంటుంది. కంబోడియాలో ఒక రైతు మందుపాతర మీద కాలేసి కాలు పోగొట్టుకుంటాడు. కృత్రిమ కాలు పెట్టించుకుని మళ్లీ వరిమడిలో దిగుతాడు. నీళ్లలో ఆ కాలితో నొప్పి, పేలుడు జరిగిన నేలంటే భయం. రోజంతా ఏడుస్తూ ఉంటాడు. ఊళ్లోవాళ్లు అతని పక్కన కూర్చుని, బాధ విని, ఒక ఆవుని కొనిస్తారు. మడిలో దిగే పని తప్పుతుంది, పాలమ్ముకుంటాడు, ఏడుపు ఆగిపోతుంది. ఆ దేశం వెళ్లిన డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ అనే సైకియాట్రిస్టు చెప్పిన సంగతి ఇది. నాకు ఈ కథ ఇష్టం. ఆ రైతుకి ఆవే సరైన మందు, అందులో సందేహం లేదు.

ఇప్పుడు నేను చూసిన గేదె సంగతి చెప్తాను. దివిసీమ వైపు ఊరు. నలభై ఏళ్లావిడ. మూడు పాడి గేదెలు, రెండెకరాల మాగాణి, మాట జవదాటని భర్త, కూతురికి ఆ ఏడే పెళ్లయింది, అప్పు లేదు. భర్త తీసుకొచ్చి 'నీరసమండీ, ఊళ్లో ఆరెంపీ చేత నాలుగు సెలైన్లు ఎక్కించాను' అన్నాడు. ఆవిడ నేల చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, 'తెల్లారి నాలుగింటికి గేదె అరుస్తుందండీ. పొదుగు నిండి దానికి నొప్పి. నాకు వినబడుతూనే ఉంటుంది. అరుగు మీదే కూర్చుని ఉంటాను. లేవాలనుంటుంది, లేవలేను. నోరు లేని దానికి ఎంత పాపం చేస్తున్నానో' అంది. ఆవిడకి ఆవుని కొనివ్వాలా? గేదెలున్నాయి. బంధాలున్నాయి, పనుంది, ఊరుంది, పక్కింటివాళ్లు పూటకొకరు కూర పంపుతున్నారు. ఇమిప్రమిన్ అనే పాత డిప్రెషన్ మందు మొదలుపెట్టాను, అప్పట్లో మా దగ్గర ఉన్నది అదే. నోరెండిపోతోందని, మలబద్ధకమని రెండుసార్లు గొడవపడింది. ఆరో వారం వచ్చినప్పుడు నేను అడగకముందే, 'నిన్న పాలు పిండానండీ' అంది. ఆ నెల నేను రాసుకున్న కేసు షీట్లలో నాకు ఇప్పటికీ గుర్తున్న వాక్యం అదొక్కటే.

అలాగే మందుతో ఏమీ కానివాళ్లూ ఉన్నారు. మగ్గం మీద ఆధారపడ్డ ఇంట్లో తాగొచ్చి కొట్టే భర్తతో ఉన్న ఒకమ్మాయికి ఏడాది పాటు మాత్రలు మార్చి మార్చి ఇచ్చాను. ఆమె కోలుకుంది అక్క ఇంటికి వెళ్లిపోయి, అక్కడ కుట్టుమిషను పెట్టుకున్నాక. కంబోడియా రైతు బాధ ఆమెకి తెలుసు, గేదెల ఆవిడ బాధ తెలియదు. పుస్తకం రాసే మనిషి ఈ ఇద్దరిలో ఒకరినే ఎంచుకుంటాడు. రెండు కథలూ పెడితే 'అసలు కారణం' అని అట్ట మీద వేయడం కష్టం.

ఒంటరితనం, నష్టాలు, కష్టాలు డిప్రెషన్ తెస్తాయన్నది మా వృత్తిలో దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. లండన్‌లో క్యాంబర్‌వెల్ అనే పేటలో ఆడవాళ్లని ఇంటింటికీ వెళ్లి పలకరించి జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు 1978లో పుస్తకం వేశారు. మనసు విప్పి మాట్లాడే మనిషి లేకపోవడం, ఇంటినిండా చిన్నపిల్లలు, బయట ఉద్యోగం లేకపోవడం, చిన్నతనంలో తల్లి పోవడం, వీటి మీద ఏదైనా పెద్ద దెబ్బ పడితే డిప్రెషన్ ఎక్కువని చూపించారు. 1986లో పీజీలో చేరినప్పుడు మేం దీన్ని పరీక్షకి చదివాం. హారీ కూడా వాళ్ల గురించి రాశాడు. కొత్తగా బయటపడ్డ నిజంలా రాశాడు, నా అభ్యంతరం అదే.

ఇక మీ సంగతి. పుస్తకం మీ గురించే రాసినట్టుందన్నారు. ఉంటుంది. ఊరు కాని ఊరు, వారానికొక్క రోజు పాప ముఖం. కానీ మీ ఉత్తరంలో పుస్తకానికి కనబడనివి మూడు ఉన్నాయి. ఒకటి థైరాయిడ్. రెండోది మీ అమ్మ. కాన్పు తర్వాత ఆరు నెలలు మంచం దిగకపోవడాన్ని మీరు గాలి సోకిన కథగా రాశారు. నాకు అది బాలింత డిప్రెషన్‌లాగే వినిపిస్తోంది. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలని కలిపి 2000లో వేసిన లెక్కలో, డిప్రెషన్ ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడంలోని తేడాలో సుమారు 37 శాతం వంశపారంపర్యమని తేలింది. అమ్మకి వస్తే మీకు వచ్చి తీరాలని కాదు. మీతోపాటు ట్రాన్స్‌ఫరై, మీలాగే శనివారం బస్సెక్కుతూ, నిద్ర చెడని ఉద్యోగులు ఆ ఒంగోల్లోనే ఉండి ఉంటారు కదా, ఆ తేడా ఎక్కడిదో వెతికితే ఇలాంటివి కనబడతాయి. మూడోది, ఏడు నెలల్లో మీరు బాగయ్యారు, అప్పటికి ట్రాన్స్‌ఫర్ మారలేదు.

అమ్మకి ఏ మందూ లేదన్నారు. ఆరు నెలలు పట్టిందని కూడా మీరే రాశారు. ఆ ఆరు నెలలు మీ తమ్ముణ్ని ఎవరు ఎత్తుకున్నారో, మీకు జడ ఎవరు వేశారో అమ్మమ్మని అడగవలసింది. మనోవ్యాధికి మందు లేదనే సామెత మన ఇళ్లలో ఎంతమందిని అలా మంచాన పడుకోబెట్టిందో నేను చూశాను. మాత్రలు మితిమీరి రాస్తున్నారన్నది అమెరికాలో, బ్రిటన్‌లో జరుగుతున్న గొడవ. మన దేశంలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, డిప్రెషన్ ఉన్న నూరు మందిలో సుమారు 85 మందికి ఏ వైద్యమూ అందలేదని తేలింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రా, తెలంగాణ లేవు, ఉంటే మన లెక్క గొప్పగా ఉండేదని నేననుకోను. అక్కడి గొడవని ఇక్కడికి తెచ్చుకుని, అందిన ఒక్క మాత్రని మీరు పారేశారు, నా బాధ అది.

గుంటూరుకి ట్రాన్స్‌ఫర్ అర్జీ పెట్టండి. అది కూడా వైద్యమే, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ అర్జీ కదిలేలోపు మాత్ర వేసుకోండి. మరిది మీద కోపం పెట్టుకోకండి, మంచికే ఇచ్చాడు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. వయసు 67. మాది కరీంనగర్. మా పెద్దవాడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా డిప్రెషన్‌కి కౌన్సెలింగ్‌కి పోతున్నాడు. ఏవో పుస్తకాలు చదివి, చిన్నప్పుడు తల్లిదండ్రులు పెట్టిన బాధే తన జబ్బుకి మూలమని తేల్చుకున్నాడు. దసరాకి ఫోన్ చేసి 'నన్ను ఇట్ల చేసింది నువ్వే బాపూ' అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. నేను కొట్టిన మాట నిజం. పదో తరగతిలో లెక్కల్లో మార్కులు తగ్గితే వాకిట్లో గోడకుర్చీ వేయించిన, వాడి దోస్తులు చూస్తుండగానే. ఇంటర్‌కి ఏడ్చినా వినకుండా హాస్టల్‌లో వేసిన. అప్పుడు అందరం అట్లనే పెంచినం. చిన్నోణ్ని కూడా అట్లనే పెంచిన, వాడికేం కాలేదు. ఆ పుస్తకాలు శాస్త్రీయం కావని మీరు రాస్తే కత్తిరించి వాడికి పంపుతాను.

జవాబు: సార్, కత్తిరించి పంపడానికి పనికొచ్చేలా నేను రాయను. కానీ మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గోడకుర్చీ సంగతి దాచకుండా రాసినందుకు మీ మీద గౌరవం కలిగింది.

పుస్తకాల సంగతి ముందు చెప్తాను. చిన్నతనంలో దెబ్బలు, అవమానాలు, ఇంట్లో గొడవలు ఎక్కువగా చూసినవాళ్లలో పెద్దయ్యాక డిప్రెషన్ ఎక్కువని అమెరికాలో 1998లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. తర్వాత వచ్చినవీ అదే చెప్పాయి. అందులో నాకు అనుమానం లేదు. అనుమానం ఎక్కడంటే, వేలమంది లెక్కని తీసుకొచ్చి ఒక్క మనిషి ఒళ్లో పెట్టి 'నీకు వచ్చింది ఇందుకే' అనడం దగ్గర. ఆ మాట ఏ అధ్యయనమూ అనలేదు, అనడం దానివల్ల కాదు కూడా. ఆ పని చేసేవి పుస్తకాలు. అలాంటి కష్టాలు పడి ఏ జబ్బూ రానివాళ్లు చాలామంది ఉన్నారు, ఏ కష్టమూ పడకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు.

మా వృత్తి ఈ తప్పు ఇదివరకే చేసింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే పేరున్న వైద్యురాలు స్కిజోఫ్రెనియాకి తల్లి ప్రవర్తనని తప్పుపట్టే మాట ఒకటి వాడారు. ఆ మాట కొన్ని దశాబ్దాలు పుస్తకాల్లో నడిచింది. ఆటిజం పిల్లల విషయంలో కూడా తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక పుస్తకం రాస్తే జనం విరగబడి చదివారు. రెండూ తప్పని తేలాయి. ఆ మధ్యకాలంలో ఎందరు తల్లులు ఆ మాట మోసి ఉంటారో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టదు. అందుకే తల్లినో తండ్రినో వేలెత్తి చూపే పుస్తకం దొరికితే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఇక్కడితో ఆపితే మీకు నచ్చే జవాబు అయ్యేది. కానీ మీరు వేసిన లెక్క కూడా పుస్తకం వేసిన లెక్కలాంటిదే సార్. చిన్నోడికేం కాలేదు కాబట్టి నా పెంపకం తప్పు కాదంటున్నారు. ఒకే వాన పడ్డా ఒకరికి జలుబు చేస్తుంది, ఇంకొకరికి చేయదు. జలుబు చేయనివాడిని చూపించి వాన పడలేదనలేం. పైగా చిన్నోడికేం కాలేదని మీకెలా తెలుసు? అడిగారా?

మీ అబ్బాయి ఫోన్‌లో రెండు మాటలు కలిపి ఒకటిగా అన్నాడు. ఒకటి, నా జబ్బుకి కారణం నువ్వు. దీన్ని తేల్చడం మీవల్ల కాదు, అతనివల్ల కాదు, నావల్ల కాదు. రెండోది, నువ్వు నన్ను బాధపెట్టావు. దీనికి సాక్ష్యం మీరే. మీరు మొదటి మాటతో కొట్లాడుతూ రెండోదానికి జవాబు ఇవ్వకుండా ఉండిపోయారు. పదిహేనేళ్ల పిల్లవాడు దోస్తుల ఎదుట గోడకి వీపు ఆనించి, తొడలు వణుకుతుంటే కింద పడకుండా నిలబడ్డాడు. దానికి డిప్రెషన్‌తో సంబంధం ఉన్నా లేకపోయినా, అది జరిగింది.

ఒక ఉత్తరం రాయండి. వాట్సాప్ కాదు, చేత్తో రాసి ఫొటో తీసి పంపండి, మీ చేతిరాత వాడికి తెలుసు. 'గోడకుర్చీ వేయించింది నేనే. నీ దోస్తులు చూశారు. హాస్టల్‌కి పోనని ఏడిస్తే వినలేదు. తప్పు చేసిన' అని రాయండి. 'అప్పుడు అందరం' అని మొదలుపెట్టకండి. 'కానీ' అన్న మాట ఎక్కడా రానివ్వకండి. పుస్తకం ఊసు ఎత్తకండి. జవాబు రాకపోవచ్చు, నెలలు పట్టవచ్చు. మళ్లీ దసరాకి ఇంకొకటి రాయండి.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నా. నా రూమ్మేట్ నెల రోజులుగా క్లాసులకి రావట్లేదు. స్నానం కూడా మూడు రోజులకోసారి. పొద్దున ఎండలో నడిచి, ఎక్సర్‌సైజ్ చేసి, ఫోన్ తగ్గిస్తే మందుల్లేకుండా డిప్రెషన్ పోతుందని ఒక పుస్తకంలో చదివి అది తనకిచ్చా. రెండు రోజులు దిండు కింద పెట్టుకుంది. మూడో రోజు తిరిగిచ్చేసి 'ఇది కూడా నావల్ల కాదు, నేనెందుకూ పనికిరాను' అని ఏడ్చింది. నేను తప్పు చేశానా?

జవాబు: లేదు తల్లీ. స్నేహితురాలి కోసం పుస్తకం కొని ఇచ్చావు. తప్పు ఆ పుస్తకం రాసిన తీరులో ఉంది. నడక మంచిదే, దిగులు తగ్గిస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయి. కానీ ఈ జబ్బు మొదట లాక్కునేది లేచి చేసే శక్తినే. కాలు విరిగినవాడికి మెట్లెక్కితే కాళ్లకి బలం వస్తుందని చెప్పినట్టుంటుంది. చేయలేకపోతే, అది కూడా తన చేతకానితనం లెక్కలో పడుతుంది. మీ రూమ్మేట్‌కి అదే అయింది.

గోవాలో ఒక మంచి ప్రయోగం జరిగింది, 2017లో వివరాలు వచ్చాయి. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చిన, డిప్రెషన్ బాగా ముదిరిన 495 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యంతోపాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు ఒక మనిషి పక్కన కూర్చుని, రేపు ఒక్క పని ఏం చేయగలవు, చిన్నదే చెప్పు, అని అడిగి, చేసిందా లేదా అని మళ్లీ వచ్చి పలకరించారు. అలా పలకరించినవాళ్లు డాక్టర్లు కారు, ముందుగా ఈ చదువు ఏమీ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చారు. మూడు నెలలకి, అలా పలకరింపు అందిన పేషెంట్లలో నూటికి 64 మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 మంది. పుస్తకంలో ఉన్నదీ, వాళ్లు చెప్పిందీ ఇంచుమించు ఒకటే. వాళ్లు మళ్లీ వచ్చారు, పుస్తకం రాదు. జింబాబ్వేలో అవ్వలకి శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టి ఇలాగే చేయించారు. వాళ్ల భాషలో ఈ బాధకి వాడే మాట 'కుఫుంగిసిసా'. అతిగా ఆలోచించడం అని అర్థం. మన అమ్మలు 'ఊరికే ఆలోచనలు ఎక్కువైపోయాయి' అంటారే, అదే.

కాబట్టి ఇవాళ సాయంత్రం పుస్తకం లేకుండా ఆమె మంచం మీద కూర్చో. ఏం తిందో అడుగు. హాస్టల్ మెస్ నుంచి ప్లేటు నువ్వే తీసుకురా. తర్వాత ఒక ప్రశ్న నేరుగా అడగాలి. 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?' అని. అడిగితే ఆ ఆలోచన వస్తుందని భయపడకు, అలా రాదు. చాలామంది అడిగినందుకు ఊపిరి తీసుకుంటారు. అవునంటే ఆమెని ఒంటరిగా వదలకు, వార్డెన్‌కీ ఇంట్లోవాళ్లకీ ఆ రాత్రే చెప్పు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే. 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం వారి టెలి మానస్, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాదంటే కూడా ఈ వారంలో ఆస్పత్రికి తీసుకెళ్లు. మీ ఊళ్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, సైకియాట్రీ ఓపీ ఎక్కడో కౌంటర్లో అడిగితే చెప్తారు. పెందలాడే బయలుదేరండి. ఆమె స్నానం చేయకపోతే చేయకపోనీ, అలాగే రమ్మను. లైన్లో నువ్వు నిలబడు, ఆమెని నీడపట్టున కూర్చోబెట్టు. లోపల డాక్టరు 'ఎప్పట్నుంచి?' అని అడిగితే ఆమెకి గుర్తుండకపోవచ్చు. క్లాసులు మానేసిన తేదీ, తిండి ఎంత తగ్గిందో, ఎన్నింటికి నిద్రపోతోందో ఒక కాగితం మీద రాసి పెట్టుకో.